అప్పలనరసమ్మ అడ్డపొగ

కతార్‌లోని అల్ వుకైర్‌లో మా పక్క ఫ్లాట్‌కి అప్పలనరసమ్మ వచ్చిన కొద్ది రోజులకే బిల్డింగంతా ఆమె గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. ఆమె ఎవరో చాలామందికి తెలియదు. ఆమె చుట్ట వాసన మాత్రం అన్ని అంతస్తులకీ తెలుసు.

నేను ఆమెను మొదటిసారి చూసింది వాళ్ళ బాల్కనీలో. మా బాల్కనీకీ వాళ్ళ బాల్కనీకీ మధ్య నడుమెత్తు గోడే అడ్డం. బట్టలు ఆరేస్తూ అటు చూస్తే అరవై దాటిన ఒకావిడ, నల్లగా, దిట్టంగా, నేల మీద కాళ్ళు చాపుకొని కూర్చుని ఉంది. చుట్ట వెలిగించింది. వెలిగిన కొసనే నోట్లో పెట్టుకుని పెదవులు మూసేసింది. నా చేతిలో తువ్వాలు జారిపోయింది.

"పెద్దమ్మా, ఉల్టా పెట్టుకున్నరు! నోరు కాలుతది!" అని అరిచాను.

ఆమె నింపాదిగా చుట్ట బయటికి తీసి, ఎర్రగా కాలుతున్న కొసను నాకు చూపించింది.

"నోరు కాలితే నాకు తెల్దేటి? మా ఊర్లో ఆడోలు ఇలాగే కాలుస్తారు. అడ్డపొగ అంటారు దీన్ని. నీదే ఊరమ్మీ?"

"కరీంనగర్ దిక్కు."

"అక్కడ సముద్రం నేదు కదేటి. అందికే తెల్దు నీకు."

సముద్రానికీ చుట్టకీ ఏం సంబంధమో తర్వాత తెలిసింది. ఆమెది భీమిలి దగ్గర చేపలు పట్టేవాళ్ళ ఊరు. పెళ్ళై వచ్చిన కొత్తలో తెల్లవారుజామున పడవల కోసం ఒడ్డున కాపు కాసేటప్పుడు, ఆ గాలికి చుట్ట నిలిచేది కాదట. నోరే గాలికి మరుగు అని అత్తగారు నేర్పింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఒక పడవ తిరిగి రాలేదు. అందులో ఆమె మొగుడున్నాడు. కొడుకు కామేశ్వరరావు అప్పటికి నడక నేర్చుకుంటున్న పిల్లాడు. అప్పటి నుంచీ చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగింది. గంపతో బస్సెక్కనివ్వని కండక్టర్లతో తగాదా పడింది, తూకంలో మోసం చేసే షావుకార్లతో తగాదా పడింది, చదువు మాన్పించి పనిలో పెట్టమన్న చుట్టాలతో మాటలు మానేసింది. కామేశ్వరరావు ఇంజనీరై, కతార్‌లో కంపెనీ ఉద్యోగంలో కుదురుకొని, భార్య ఇందిరనీ కూతురు అమ్మునీ తెచ్చుకున్నాక తల్లిని కూడా తీసుకొచ్చాడు. గంప వదిలేసి వచ్చింది గాని, ఎండు పొగాకు కట్ట మాత్రం సూట్‌కేసు అడుగున పెట్టుకొని వచ్చింది. చుట్టలు తనే చుట్టుకునేది.

పై అంతస్తులో ఉండే మేడం ఫిర్యాదు చేసింది. మా వాచ్‌మన్ జలంధర్ నిర్మల్ ప్రాంతం మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేడు. మా బాల్కనీలోకి వచ్చి గోడ పక్కన నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"అవ్వా, మీద మేడం కంప్లయింట్ చేసింది. జర లోపలికి పోయి తాగరాదు?"

"లోపల నా మనవరాలు సదువుకుంటన్నాది. దానికి పొగ పట్టించమంటావేటి?"

"గట్ల గాదు..."

"ఆ మేడం ఇంట్లో పెద్ద మీసమాయన రోజూ బాల్కనీలో సిగరెట్టు కాలుస్తాడు. ఆ నుసి నా తులిసి కుండీలో పడతాది. ఆడికి సెప్పినావా?"

జలంధర్ చెప్పలేదు. చెప్పే మనిషీ కాదు. వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి అప్పలనరసమ్మ పీట తెచ్చుకొని, ఇంకాస్త ముందుకి జరిగి, బాల్కనీ అంచునే కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆమెను ఆపింది ఫిర్యాదు కాదు, పులుసు. ఒకరోజు చేపల పులుసు నోట్లో పెట్టుకోగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఇందిర బలవంతంగా పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అంగిలంతా తెల్లగా, ఎండిన బురదలా పగిలి ఉందనీ, మధ్యలో ఒక పుండు పడిందనీ చెప్పారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. అదృష్టం కొద్దీ చెడు రోగమేమీ లేదని వచ్చింది. కాని నిప్పు నోట్లో పెట్టుకోవడం ఇవాళే ఆపకపోతే రేపు ఏమవుతుందో చెప్పలేమన్నారు.

ఇంటికొచ్చాక అప్పలనరసమ్మ నన్ను గోడ దగ్గరికి పిలిచి, "నిప్పు ఆపమన్నాడు గాని పొగాకు ఆపమన్నేదు, ఇన్నావా?" అంది. డాక్టరు రెండూ ఆపమన్నాడని ఇందిర లోపలి నుంచి అంది. "నాకు ఇనబడ్డదే నాను సెప్తన్నాను" అని ఈమె జవాబు.

రెండు వారాలు చుట్టని తిన్నగా కాల్చి చూసింది. రుచి లేదంది. మళ్ళీ తిప్పింది. పుండు రేగింది.

అప్పుడే కామేశ్వరరావు కంపెనీ ట్రైనింగ్ కోసం జర్మనీ వెళ్ళాడు. వచ్చేటప్పుడు తల్లి కోసం ఒక వస్తువు తెచ్చాడు. బొటనవేలంత లావున నల్లటి చిన్న టార్చిలైటులా ఉంది. పైన మూత తీస్తే వేలి కొస పట్టేంత గుంట. అందులో నలిపిన పొగాకు వేసి బటన్ నొక్కితే లోపల వేడెక్కుతుంది. ఆకు కాలదు, మాడదు, ఆవిరి మాత్రం వస్తుంది. అక్కడ తనతో పనిచేసే ఆయన సిగరెట్లు మాని దీనికి మారాడని చెప్పాడు.

"ఇది మంచిదని కాదమ్మా. నోట్లో నిప్పు పెట్టుకోవడం కన్నా నయమని. మెల్లగా ఇదీ మానేద్దువుగాని."

"మానీమని తెచ్చినావా, కాల్చమని తెచ్చినావా? ఒకటి సెప్పు."

మేమంతా చుట్టూ చేరి చూస్తున్నాం. ఆమె పొగాకు ఈనె తీసి, అరచేతిలో నలిపి, గుంటలో కూరింది. పచ్చ లైటు వెలిగింది. అలవాటు కొద్దీ ఆ వస్తువుని తిప్పి, వెనక వైపు నోట్లో పెట్టుకుంది. అమ్ము నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. అప్పలనరసమ్మ కూడా నవ్వింది. సరిగ్గా పట్టుకొని పీల్చింది. కళ్ళు మూసుకొని మళ్ళీ పీల్చింది.

"ఆకు ఆరబెట్టినప్పుడు పాకలో వొస్తాది చూడు, ఆ వాసన. ఇన్నేళ్ళు కాల్చినాను గాని నోట్లోకి రానేదు ఈ రుచి."

ఆ రోజు నుంచి చుట్టలు చుట్టడం మానేసింది. వాడిన ఆకుని జడపిన్నుతో బయటికి తీసి, "వేపుడైపోనాది" అంటూ తులసి కుండీలో వేసేది. పుండు తగ్గింది. పులుసు తిన్నది. పై మేడంకి వాసన వెళ్ళలేదు. కామేశ్వరరావు ముఖంలో ఒక పెద్ద సమస్య తీరిన నిశ్చింత కనిపించేది.

అది ఎక్కువ కాలం నిలవలేదు. ఇందిర పనిచేసే బడిలో ఎవరో పిల్లాడి సంచీలో ఇలాంటిదే దొరికి గొడవైంది. అప్పుడు తెలిసింది, ఈ దేశంలో వేప్‌లూ ఇలాంటి వేడి చేసే యంత్రాలూ తేవడమే నేరమని. కామేశ్వరరావుకి ముచ్చెమటలు పోశాయి. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిచి చూసుంటే ఏమయ్యేదో తలచుకొని, తల్లి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, ఇది ఇంట్లోనే వాడు. తలుపులేసుకొని. బాల్కనీలోకి కూడా తేవద్దు. ఎవరైనా వస్తే దాచెయ్."

"సుట్టకి అడ్డం నేదా?"

"లేదు. చుట్టా సిగరెట్టూ బయట కాల్చుకోవచ్చు."

"నోరు కాల్చేదానికి అడ్డం నేదు. కాల్చనిదాన్ని దాసుకోవాలి. దొంగ సరుకా ఇది? నాను దాసుకోనేనురా కామేశూ. నాకు సేత కాదు. ముందే సెప్తన్నాను."

నిజంగానే ముందే చెప్పింది. వాళ్ళెవరూ పట్టించుకోలేదు.

మా ఆయన రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఆయన లేని శుక్రవారాలు నేను అప్పలనరసమ్మని కారెక్కించుకొని అల్ వక్రా సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళేదాన్ని. ఆమెకి అక్కడే ఊపిరాడేది. ఇసకలో చెప్పులు విడిచి, నీళ్ళ దాకా వెళ్ళి, కట్టేసిన పడవలను ఒక్కొక్కటీ చూసేది. ఏది బాగా కట్టారో, ఏది మొదటి పెద్ద గాలికే విరిగిపోతుందో చెప్పేది.

ఆ శుక్రవారం కూడా అలాగే చూసి వచ్చి బెంచీ మీద కూర్చుంది. చీర కొంగులోంచి ఆ వస్తువు తీసింది.

"పెద్దమ్మా, ఇక్కడ వద్దు. కామేశ్వరరావు గారు ఏమన్నరు?"

"ఆడన్నది ఆడన్నాడు. ఆ పక్క బెంచీ మీద సూడు."

పక్క బెంచీలో ఇద్దరు మగవాళ్ళు సిగరెట్లు కాలుస్తున్నారు. ఆమె పచ్చ లైటు వెలిగేదాకా ఆగి, సముద్రం వైపు చూస్తూ తాపీగా పీల్చింది.

అటుగా వస్తున్న సెక్యూరిటీ గార్డు ఆగాడు. పాకిస్తానీ, పెద్ద వయసువాడే. మర్యాదగానే అన్నాడు: "అమ్మాజీ, యే మమ్నూ హై. జేబ్ మే రఖ్ లో."

లోపల పెట్టుకోమంటున్నాడు, నిషేధమంటున్నాడు అని చెప్పాను. ఆమె పెట్టుకుని ఉంటే అంతటితో పోయేది. అతను కూడా అదే కోరుకుంటున్నాడని అతని ముఖం చూస్తే తెలుస్తోంది.

"అడుగు మాలతీ. ఆల్ల సిగరెట్టు మమ్నూ కాదా అని అడుగు."

నేను అడగలేదు. ఆమే వేలు చాపి పక్క బెంచీ చూపించి, తన చేతిలోది చూపించి, "దీనికెందికి అడ్డం? దానికెందికి నేదు?" అని గట్టిగా అడిగింది. తెలుగులోనే. జనం తిరిగి చూశారు. వెనకే నడిచి వస్తున్న పోలీసు కూడా చూశాడు.

స్టేషన్లో ఆఫీసరు చాలా చిన్నవాడు. తెల్లటి యూనిఫాం. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "యుమ్మా", అంటే అమ్మా, అని పిలిచి, టీ తెప్పించాడు. ఆ వస్తువుని టేబుల్ మీద పెట్టి, ఎవరిదని ఇంగ్లీషులో అడిగాడు. అప్పటికే కామేశ్వరరావు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. ఎక్కడో దొరికిందని చెప్పాలనో, తనదని చెప్పాలనో, నోరు తెరిచాడు. తల్లి చెయ్యెత్తింది.

"నాది అని సెప్పు. ఆడు పరాయి దేశం నించి ఏవో సామాన్లు తెచ్చినాడు, నాను తీసుకున్నాను. నాకు తెలుసు తప్పని. తెలిసే కాల్చినాను. నా కొడుక్కి దీంతో పని నేదు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆఫీసరు ఆమెనే చూస్తూ విన్నాడు. ఆమె కళ్ళు దించలేదు. చివరికి ఆ వస్తువు తీసేసుకున్నారు. మళ్ళీ దొరికితే మాత్రం కేసవుతుందని చెప్పి, కామేశ్వరరావు చేత సంతకం చేయించుకొని పంపేశారు. బయటికి వస్తుంటే ఆ ఆఫీసరే తలుపు పట్టుకున్నాడు. ఆమె దిగులుగా ఉందనుకున్నాడేమో, ఓదార్పుగా గుమ్మం పక్కనున్న సిగరెట్ల ఇసక డబ్బా చూపించి, "స్మోకింగ్, నో ప్రాబ్లమ్, యుమ్మా" అన్నాడు.

అంత మర్యాదగా అన్న మాటకి ఆమె ముఖం మాడిపోవడం చూశాను.

ఇంటికి రాగానే కామేశ్వరరావు పేలిపోయాడు. అంత మెత్తని మనిషి అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు.

"ఇది మన ఊరు కాదమ్మా! నా వీసా, ఇందిర ఉద్యోగం, అమ్ము చదువు... ఒక్క పొరపాటుతో అంతా పోతుంది. గార్డు లోపల పెట్టుకోమన్నాడు కదా! ఆ మాత్రం తగ్గలేవా?"

"తగ్గితే నువ్వు ఇంజనీరువి అయ్యేవోడివా?"

ఆ మాటకి అతను గోడకి ఆనుకున్నాడు. తర్వాత నీరసంగా అన్నాడు: "సరే. చుట్టే కాల్చుకో. ఎవరూ పట్టుకోరు. లేదా కొన్నాళ్ళు ఊరెళ్ళు. నీ ఇష్టం."

ఇందిర ఏదో అనబోయింది. అప్పలనరసమ్మ ఆపింది. ఆమె గొంతులో అంతకు ముందున్న దురుసు లేదు.

"నీ కొంపకి చిచ్చు పెడదామని కాదురా. ఆ బయం నాకూ ఏసింది, టేసన్లో నువ్వు చెమటలు కక్కుతుంటే. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కాని ఒకడు సుట్ట కాల్చుకోమంటాడు. ఒకడు కాల్చొద్దంటాడు. ఒకడు దాసుకోమంటాడు. ఒకడు ఊరెల్లిపొమ్మంటాడు. నా నోరు నాది. ఏది కావాలో, ఏది వొద్దో నాను సెప్తాను. ఆ మిసను వొద్దు. సుట్ట వొద్దు. ఊరూ ఎల్లను."

లేచి గదిలోకి వెళ్ళి పొగాకు కట్ట తెచ్చింది. జలంధర్‌కి ఇవ్వమని ఇందిర అంది. ఈమె ఒప్పుకోలేదు. "నాకు పనికిరానిది ఇంకోడి నోట్లో ఎట్టడమేటి?" అని తనే లిఫ్టు దిగి, కింద చెత్త డబ్బాలో వేసి వచ్చింది.

ఆ తర్వాతి రోజులు ఘోరంగా గడిచాయి. ఆమె ఎవరితోనైనా మాట్లాడితే తగాదా. తలనొప్పి, నిద్ర లేదు, అన్నం విసిరికొట్టేది. గంటకోసారి బాల్కనీలోకి వచ్చి, చేతులు ఏం చేయాలో తెలియక చీర కొంగు నలుపుతూ నిలబడేది. పై ఇంటి మీసమాయన సిగరెట్టు వెలిగిస్తే తల పైకెత్తి చూసేది. "కావాలా అని అడుగుతాడేమో, అడిగితే తిడదామని సూస్తన్నాను" అంది నాతో. అతను అడగలేదు. అడిగితే తిట్టేదో, తీసుకునేదో ఆమెకే తెలియదని నాకనిపించింది.

పొగ మానేవాళ్ళకి సర్కారు క్లినిక్ ఉందని నాకు తెలుసు. రమ్మంటే వస్తుందనుకోలేదు. వచ్చింది. అక్కడి డాక్టరు మెహ్విష్ లాహోరు అమ్మాయి, నెమ్మదస్తురాలు. పొగాకు వల్ల ఏమేం నష్టాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను తెలుగు చేస్తుంటే అప్పలనరసమ్మ మధ్యలోనే ఆపేసింది.

"మానీమని సెప్పొద్దని సెప్పు ఈ పిల్లకి. మానీసినాను. నష్టాలు నా నోట్లోనే ఉన్నాయి, ఆవిడ సెప్పక్కర్లేదు. ఈ సేతులేటి సెయ్యాలో సెప్పమను."

మెహ్విష్ చేతిలో ఉన్న చార్టు పక్కన పెట్టేసి, ఆమె రెండు చేతులూ పట్టుకొని చూసింది. కత్తి గాట్లు, వల తాళ్ళు కోసిన గీతలు. భుజానికి అంటించుకునే నికోటిన్ పట్టీలు రాసిచ్చింది. తర్వాత అడిగింది: "ఈ చేతులు ఇంతకు ముందు ఏం చేసేవి?" "సేపలు కోసీవి, వలలల్లీవి" అంది అప్పలనరసమ్మ.

ఆ శుక్రవారం అల్ వక్రా వెళ్ళినప్పుడు ఆమె బెంచీ మీద కూర్చోలేదు. పడవల దగ్గర తమిళ జాలర్లు కొందరు చేపలు పట్టే ఇనప తీగ బుట్టలు అల్లుతున్నారు. గర్గూర్ అంటారు వాటిని, గుమ్మటంలా పెద్దవి. కాసేపు నిలబడి చూసింది. ఒకతను విరిగిన బుట్టని పక్కకి తోసేస్తుంటే, అడక్కుండానే లాక్కొని కింద కూర్చుంది. అతను వద్దన్నాడు. "పాట్టీ, పాట్టీ" అని అరవంలో అవ్వని పిలిచినట్టు పిలిచి, తీగ కోసుకుంటుందని సైగ చేశాడు. ఆమె అతని వైపు చూడనైనా చూడలేదు. తీగ ఆమె వల దారంలా వంగలేదు. వేలు తెగింది. వేలు నోట్లో పెట్టుకొని, మళ్ళీ మొదలుపెట్టింది. రెండోసారీ వంకరగానే వచ్చింది. సాయంత్రానికి ఆ తమిళ మనిషే పక్కన కూర్చొని తీగ ఎటు తిప్పాలో చూపిస్తున్నాడు. ఇద్దరిలో ఎవరి భాషా ఎవరికీ రాదు. తగాదా మాత్రం బాగానే పడ్డారు.

అలా ప్రతి వారమూ వెళ్ళాం. మధ్యలో ఒకసారి ఓడిపోయింది. ఎవరో పడవ మనిషి దగ్గర సిగరెట్టు అడిగి తీసుకొని, వెలిగించి, పాత అలవాటుగా తిప్పి పెట్టుకుంది. అంగిలి భగ్గుమంది. ఉమ్మేసి, ఆ సిగరెట్టుని ఇసకలో తొక్కింది. ఇంటికెళ్ళి తనే కొడుక్కి చెప్పింది. అతను పక్కన కూర్చొని తల్లి భుజానికి కొత్త పట్టీ అంటించాడు.

శ్రావణ శుక్రవారం పేరంటానికి మా బిల్డింగ్ తెలుగువాళ్ళంతా ఇందిర ఇంట్లో చేరారు. వచ్చినవాళ్ళలో ఒకావిడ, చీర సర్దుకుంటూ, "పోనీలెండి పిన్నిగారూ, ఇన్నాళ్ళకి ఆ పాడు అలవాటు మానేశారు. నలుగురిలో పరువుగా ఉంది" అంది.

ఇందిర ముఖం బిగుసుకుంది. అప్పలనరసమ్మ తాంబూలం పళ్ళెం కింద పెట్టింది.

"సుట్ట కాల్చినన్నాల్లూ నా పరువు నాకున్నాది. గంప మోసినాను, కొడుకుని సదివించినాను, ఎవుడికీ తల దించనేదు. ఆ నోట్లో సుట్ట ఉన్నాది అప్పుడు. మీ నలుగురి కోసం నాను మాననేదమ్మా. నా నోరు పుండైంది, మానినాను. రేపు నాకు కాల్చాలనిపిస్తే కాలుస్తాను. అనిపించకుండా ఉండాలని సూస్తన్నాను. అంతే."

ఇందిర వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. "శనగలు తీసుకోండి" అని ఆ ఆవిడ ముందుకి గిన్నె జరిపింది. అత్త పక్షాన ఇందిర అలా నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

మొన్న పళ్ళ డాక్టరు అంగిలి చూసి, తెలుపు చాలా వరకు తగ్గిందన్నాడు. పూర్తిగా పోలేదు, చూపించుకుంటూ ఉండాలన్నాడు. కామేశ్వరరావు ఆ మాటకే పండగ చేసుకున్నాడు. ఆమె మాత్రం పులుసులో కారం తగ్గించినందుకు కొడుకుని తిట్టింది.

పోయిన శుక్రవారం అల్ వక్రాలో ఆమె బుట్ట అల్లుతుంటే, గాలికి ఎదురుగా ఒక ఈజిప్టు మనిషి నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు. పొగంతా ఈమె మీదికే వస్తోంది. అతను గమనించి, నొచ్చుకొని పక్కకి తప్పుకోబోయాడు.

"ఉండమను" అంది నాతో. తల ఎత్తి, కళ్ళు మూసుకొని, గట్టిగా ఒకసారి వాసన పీల్చింది.

"పెద్దమ్మా!" అన్నాను.

"వాసన చూడ్డానిక్కూడా ఎవుడి పర్మిసనో కావాలేటి?" అని, తీగని పళ్ళతో పట్టుకొని బిగించి, పనిలో పడింది.